రిటైరైన రెండో నెలలో మీకు ఫోన్ చేసేదెవరు?

రిటైర్మెంట్ అనగానే మనవాళ్లు ముందు తీసేది కాలిక్యులేటర్. పీఎఫ్ ఎంత, గ్రాట్యుటీ ఎంత, పెన్షన్ ఎంత. ఆ లెక్కలు చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి. ఈరోజు వేరే లెక్క. సన్మానం అయిపోయింది, శాలువా బీరువాలోకి వెళ్లింది. రెండో నెలలో మీకు ఫోన్ చేసేదెవరు?

ప్రభుత్వ ఉద్యోగులకి రిటైర్మెంట్ వయసు ఆంధ్రప్రదేశ్‌లో 62, తెలంగాణలో 61. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఉంటారనుకోండి. అది చిన్న కాలం కాదు కదా!

ఆఫీసు స్నేహాల్లో ఒక చిక్కుంది. నేను సాఫ్ట్‌వేర్‌లో పని చేసి వచ్చినవాణ్ణి కాబట్టి నా భాషలోనే చెప్తా. సర్వర్ ఆపేస్తే దాని మీద నడిచేవన్నీ ఆగిపోతాయి. పదకొండింటికి టీ, మధ్యాహ్నం క్యారేజీలు పంచుకోవడం, మేనేజర్ మీద గొణుక్కోవడం, ఇవన్నీ ఆ ఆఫీసు మీద నడుస్తున్నవే. వాళ్లేం చెడ్డవాళ్లు కాదు. రోజూ కలిసే కారణం పోయింది, అంతే. అందుకే ఆఫీసులో ఉండగానే, ఇద్దరు ముగ్గురితోనైనా ఆఫీసు బయట కలిసే అలవాటు పెట్టుకోవాలి. ఆదివారం వాళ్లింటికి వెళ్లడం, ఇంట్లోవాళ్లకి కూడా పరిచయం చేయడం. ఇంటిదాకా వచ్చిన స్నేహం ఉద్యోగంతో పోదు.

దీని మీద పెద్ద పరిశోధనే ఉంది. 1938లో హార్వర్డ్‌లో మొదలైంది. మొత్తం 724 మంది మగవాళ్లు, కొందరు హార్వర్డ్ విద్యార్థులు, మిగతావాళ్లు బోస్టన్ పేదవాడల కుర్రాళ్లు. దశాబ్దాల పాటు వాళ్ల ఉద్యోగాలు, పెళ్లిళ్లు, ఆరోగ్యం అన్నీ నమోదు చేస్తూ వచ్చారు. దాన్ని నడిపిస్తున్న రాబర్ట్ వాల్డింగర్ 2015లో ఒక ప్రసంగంలో చెప్పిందేమిటంటే, 80 ఏళ్లకి ఎవరు ఆరోగ్యంగా ఉంటారో అంచనా వేయడానికి, 50 ఏళ్లప్పుడు వాళ్ల కొలెస్ట్రాల్ ఎంతుందన్నదానికంటే, తమ అనుబంధాలతో ఎంత తృప్తిగా ఉన్నారన్నదే బాగా పనికొచ్చిందట. అలాగని టాబ్లెట్లు మానేయకండి బాబూ!

ఆడవాళ్ల సంగతి ఇంకోలా ఉంటుంది. సొంతూళ్లో అమ్మకి ఎదురింటావిడ ఉంటుంది, పూలమ్మే ఆవిడ ఉంటుంది, శ్రావణమాసం పేరంటాలు ఉంటాయి. నాన్న రిటైరవగానే మనం ప్రేమగా హైదరాబాద్ తీసుకొచ్చి తొమ్మిదో అంతస్తులో పెడతాం. తలుపులన్నీ మూసే ఉంటాయి. అమెరికా అయితే ఇంకా కష్టం. ఆరు నెలలు, బయట మంచు, కారు నడపడం రాదు, కొడుకూ కోడలూ ఆఫీసుకి. రిటైరైంది నాన్న, స్నేహితుల్ని పోగొట్టుకుంది అమ్మ. ఊరు మార్చే ముందు ఈ లెక్క ఎవరూ వేయరు. నన్నడిగితే, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లు సొంతూళ్లో ఇల్లు ఖాళీ చేయించకండి.

మార్చక తప్పదంటే కొత్తవాళ్లని వెతుక్కోవాలి, టైమ్ పడుతుంది. కాన్సస్ యూనివర్సిటీలో జెఫ్రీ హాల్ అనే ఆయన 2018లో లెక్కగట్టారు. పరిచయస్తుడు మామూలు స్నేహితుడు కావడానికి సుమారు 50 గంటలు, ప్రాణస్నేహితుడు కావడానికి 200 గంటలకు పైనే కలిసి గడపాలట. పార్కులో రోజూ గంట వాకింగ్ అంటే దాదాపు ఏడు నెలలు. కాబట్టి వారం రోజులు వెళ్లి "ఎవరూ కలవట్లేదు" అని మానేయకూడదు. అదే టెన్త్ క్లాస్ స్నేహితుడైతే ఆ గంటలు ఎప్పుడో కట్టేశారు. గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వు పంపితే సరిపోదు, ఫోన్ చేయాలి. పదేళ్ల తర్వాత చేస్తే అవతలివాడు అడిగే మొదటి మాట నాకు తెలుసు: "ఏరా, ఏమైనా పనుందా?" పనేం లేదు, ఊరికే చేశానని చెప్పండి. మొదటిసారి ఇబ్బందిగానే ఉంటుంది. మూడోసారికి వాడే చేస్తాడు.

అన్నదమ్ముల సంగతి చివరికి ఉంచాను. పది సెంట్ల స్థలం కోసం పదిహేనేళ్లు మాట్లాడుకోనివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కోర్టులో కేసు ఉంటే ఉండనీయండి, అది లాయర్లు చూసుకుంటారు. మేనకోడలి పెళ్లికి మాత్రం వెళ్లండి. అమ్మ చేసిన పప్పుచారు రుచి, నాన్న చేతి బెత్తం దెబ్బ తెలిసినవాళ్లు ఈ లోకంలో మీతోపాటు ఇంకొకరో ఇద్దరో మిగిలి ఉంటారు. అరవై అయిదేళ్లప్పుడు ఆ కబుర్లు చెప్పుకోవడానికి వేరే ఎవరూ పనికిరారు.

ఇంకొకటి, ఇంట్లో పెద్దవాళ్లు మరీ ఒంటరిగా, దిగులుగా ఉంటే ఎల్డర్ లైన్ అని వయోవృద్ధుల కోసం ప్రభుత్వ ఉచిత నంబరు ఉంది, 14567. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. వాళ్ల ఫోన్‌లో సేవ్ చేసి పెట్టండి. ఉంటానండి.