మన తదనంతరం భూమి: వీలునామా, ట్రస్టు



కిందటి పూతకాలంలో గొలుగొండ మండలంలోని ఒక ఊరికి జీడిమామిడి తోటలు చూడటానికి వెళ్ళాను. తేయాకు దోమ పట్టిన కొమ్మలు చూపించి, మందు ఎప్పుడు కొట్టాలో చెబుతున్నాను. తోట యజమాని డెబ్బయి దాటిన పెద్దాయన. అంతా విని, "మందు కొడతాను గానీ బాబూ, నాను పోనాక ఈ గుంటని ఎవులు సూత్తారు?" అన్నాడు.

చెట్టు నీడలో కూర్చున్న కూతుర్ని చూపించాడు. ఆమెకు ముప్పయి రెండేళ్ళు. బుద్ధి మాత్రం ఏడెనిమిదేళ్ళ పిల్లది. తల్లి కాలం చేసింది. అన్న విశాఖలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆస్తంతా కొడుకు పేర రాసేస్తే ఆ పిల్లను వాడే చూసుకుంటాడని పెద్దాయన ఆలోచన.

కొడుకు మంచివాడే. కాని అతనికే ఏదైనా జరిగితే? అతను అప్పులపాలైతే? కాగితంలో చెల్లెలి ఊసే లేనప్పుడు ఆమె తరపున ఎవరు అడగగలరు? నేను వ్యవసాయ డిప్లొమా చదివినవాణ్ణి గాని వకీలును కాను. అందుచేత తెలిసినవారిని అడిగి, చట్టం చూసుకుని, వారం తరువాత మళ్ళీ వెళ్ళాను. ఆయనకు చెప్పిన సంగతులే మీకూ మనవి చేస్తాను.

మొట్టమొదట, వ్రాసి ఇవ్వటానికి మనకు హక్కున్న భూమి ఎంత అన్నది తేల్చుకోవాలి. ఆయనకు మూడెకరాల పల్లం పిత్రార్జితం. ఎకరన్నర తోట స్వార్జితం. పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే వాటా ఉంది. మన రాష్ట్రం 1986లో పెళ్ళికాని కూతుళ్ళకు ఈ హక్కు ఇచ్చింది. 2005లో దేశమంతటా కూతుళ్ళందరికీ వచ్చింది. 2005 నాటికి తండ్రి బ్రతికి ఉండకపోయినా ఆ హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. కనుక ఆ మూడెకరాల్లో తండ్రిది ఒక ఎకరం, కొడుకుది ఒకటి, కూతురిది ఒకటి. పెద్దాయన తన ఇష్టప్రకారం వ్రాయగలిగింది తన ఎకరమూ, ఎకరన్నర తోటా, వెరసి రెండున్నర ఎకరాలు. "మరైతే గుంటకి ఇప్పుడే ఓ ఎకరం ఉన్నట్టా?" అని ఆశ్చర్యపోయాడు. ఉన్నట్టే.

ఇక వీలునామా సంగతి. ఇది మనం పోయిన తరువాతనే అమలులోకి వచ్చే కాగితం. బ్రతికున్నంతకాలం భూమి మనదే. వీలునామాను ఎన్నిసార్లయినా మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. చివర వ్రాసినదే చెల్లుతుంది. దీనికి స్టాంపు కాగితం అక్కరలేదు. మైనరు కాని వ్యక్తి, స్వస్థబుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా వ్రాయాలి. సంతకం గాని వేలిముద్ర గాని వేయాలి. కనీసం ఇద్దరు సాక్షులు అది చూసి, మన సమక్షంలో తామూ సంతకాలు చేయాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. రేపు తగాదా వస్తే సాక్షుల్లో ఒకరైనా కోర్టులో చెప్పవలసి ఉంటుంది. అందుకని మన ఈడు ముసలివాళ్ళను కాక, వయసులో చిన్నవాళ్ళను, ఆస్తిలో ఏమీ రానివాళ్ళను సాక్షులుగా పెట్టుకోండి.

వీలునామా భూమి ఎవరికో చెబుతుంది. తీసుకునేవారు ఆ భూమిని నిలుపుకోలేనివారైతే ఏమి చేయాలి? చిన్నపిల్లలున్నారు, మతిస్థిమితం లేనివారున్నారు, లెక్కలు తెలియని ఒంటరి ముసలమ్మలున్నారు. అలాంటి చోట ట్రస్టు పనికివస్తుంది.

మీరు చాలాకాలం ఊరు వెళ్ళవలసి వచ్చి, పాడి ఆవును నమ్మకమైన పొరుగువానికి అప్పగించారనుకోండి. "మేపు, పాలు మాత్రం మా పిల్లకు పొయ్యి" అన్నారు. ఆవు అతని కొట్టంలోనే ఉంటుంది. కాని పాలు అతనివి కావు, ఆవును అమ్ముకోకూడదు. ట్రస్టు పద్ధతి ఇదే. అప్పగింత పుచ్చుకున్నవాడు ట్రస్టీ. పాలు తాగే పిల్ల లబ్ధిదారు. కుటుంబ ట్రస్టులకు 1882 నాటి భారత ట్రస్టుల చట్టం ఉంది. దాని ప్రకారం ట్రస్టీ ఆ ఆస్తితో సొంత లాభం చేసుకోరాదు. లెక్కలు వ్రాయాలి, లబ్ధిదారు తరపున అడిగితే చూపాలి. ఒప్పుకున్న తరువాత తన ఇష్టం వచ్చినప్పుడు వదిలేసిపోరాదు.

ట్రస్టు అనగానే జమీందారుల వ్యవహారమనుకుంటాం. 1958లో విజయనగరం రాజావారు పి.వి.జి.రాజుగారు మాన్సాస్ ట్రస్టు పెట్టి విద్యాసంస్థలకోసం ఆస్తులు అప్పగించారు. అది ప్రజోపకార ట్రస్టు. తన బిడ్డ కోసం రెండెకరాల రైతు కూడా కుటుంబ ట్రస్టు పెట్టుకోవచ్చు.

దీనికి దారులు రెండు. మొదటిది, వీలునామాలోనే ట్రస్టు వ్రాయటం. "నా తదనంతరం ఈ భూమిని ఫలానా ఇద్దరు ట్రస్టీలుగా ఉంచుకుని, రాబడి నా కూతురి తిండికి, బట్టకు, మందులకు ఖర్చు చేయాలి, ఆమె జీవితకాలం అమ్మరాదు, ఆమె తరువాత భూమి నా మనవలకు చెందాలి" అని వ్రాస్తారు. మనం ఉన్నంతవరకు ఆ ట్రస్టు నిద్రలో ఉన్నట్టే. భూమి మన చేతిలోనే ఉంటుంది, మాట మార్చుకోవచ్చు.

రెండవది, బ్రతికుండగానే ట్రస్టు పెట్టటం. భూమికైతే దీనికి రిజిస్టరు దస్తావేజు కావాలి. భూమిని ట్రస్టీల పేర బదలాయించాలి, లేదా మనమే మొదటి ట్రస్టీగా ఉండాలి. బదలాయించని ట్రస్టు పత్రం పెట్టెలో కాగితమే. రద్దు చేసే హక్కు దస్తావేజులో ఉంచుకోకపోతే తరువాత వెనక్కి తీసుకోవటం కష్టం. ఓపిక తగ్గి, ఇప్పుడే వ్యవహారం వేరొకరికి అప్పగించదలచినవారికి ఈ దారి. ఇందులో చేరని తక్కిన ఆస్తిని "నా తరువాత అదే ట్రస్టుకు చేరాలి" అని వీలునామాలో వ్రాసుకోవచ్చు.

ఈ రెండు కాగితాలూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. ట్రస్టుకు అప్పగించేసిన సర్వే నంబరును మళ్ళీ వీలునామాలో ఇంకొకరికి వ్రాస్తే ఆ వ్రాత చెల్లదు. రెండింటిలోనూ లేని భూమి వారసత్వ చట్టం ప్రకారం వారసులకు పోతుంది. బాకీ ఉన్న భూమి బాకీతోనే పోతుంది. కాబట్టి సహకార సంఘం, బ్యాంకు అప్పులు కూడా వ్రాసిపెట్టండి. డి.పట్టా భూమి అయితే 1977 చట్టం ఆంక్షలున్నాయి. ముందు తహసీల్దారు కార్యాలయంలో విచారించండి.

కొయ్యూరు, చింతపల్లి వైపు గిరిజన సోదరులకు ఒక మాట. హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు అమ్మినా, దానమిచ్చినా 1959 నాటి నిబంధన, 1970 సవరణల ప్రకారం చెల్లదు. గిరిజనేతరుణ్ణి ట్రస్టీగా పెట్టి భూమి అతని పేర చేయించాలని ఎవరైనా సలహా ఇస్తే నమ్మకండి.

ఇంతకూ ఆ పిల్లకు ఉన్న సొంత ఎకరం ఎవరు చూడాలి? బుద్ధిమాంద్యం వంటి వైకల్యాలున్నవారికోసం 1999లో నేషనల్ ట్రస్టు చట్టం వచ్చింది. దాని ప్రకారం జిల్లాలో స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది. దరఖాస్తు చేసుకుంటే చట్టబద్ధంగా సంరక్షకుణ్ణి నియమిస్తుంది. తల్లిదండ్రులు బ్రతికుండగానే ఈ పని మొదలుపెట్టటం మేలు.

గ్రామాల్లో పనిచేసే తోటి ఉద్యోగులకు ఒక మనవి. ఇలాంటి పత్రాలు మనం వ్రాయకూడదు, సాక్షి సంతకాలకు దూరంగా ఉండటమే మంచిది. రైతును న్యాయసేవాధికార సంస్థకు దారి చూపండి. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, వికలాంగులకు అక్కడ ఉచితంగా న్యాయసహాయం దొరుకుతుంది.

పెద్దాయన మొదటి దారే ఎంచుకున్నాడు. ట్రస్టీలుగా కొడుకును, పిల్ల మేనమామ కొడుకును పెట్టాడు. కొడుకు విశాఖ నుంచి వచ్చి అంతా విన్నాడు. "ఇన్నాళ్ళూ నాకూ ఇదే బెంగ. చెల్లి భారం నా మీద పెట్టారు గానీ ఎలాగో చెప్పలేదు" అన్నాడు. ఏటా సంక్రాంతికి ఇద్దరు ట్రస్టీలూ కూర్చుని లెక్క చూడాలని పత్రంలో వ్రాయించుకున్నది ఆ కొడుకే.

మీ ఇంట్లోనూ ఇలాంటి బిడ్డ ఉంటే, ఈ పంట ఇంటికి చేరి తీరిక దొరకగానే పాసుపుస్తకం, అప్పుల కాగితాలు ముందు పెట్టుకుని ఇంటిల్లిపాదీ ఒకసారి మాట్లాడుకోండి.