దూరపు పక్షి, మసక ఫోటో

కిందటి చలికాలం మా అమ్మానాన్నలు నెల్లాళ్లు మా దగ్గర ఉందామని దోహా వచ్చారు. నాన్నగారిది సూళ్లూరుపేట. ఏటా పులికాట్ సరస్సులో దిగే ఫ్లెమింగోలను చూస్తూ పెరిగిన మనిషి. ఈ ఎడారి దేశానికి కూడా చలికాలంలో అవి వస్తాయంటే ఆయన నమ్మలేదు. సరే చూపిద్దామని ఒక శుక్రవారం భోజనాలయ్యాక, అల్ ఖోర్ దాటి, అల్ థఖీరా మడ అడవుల దగ్గరికి తీసుకెళ్లాను. దూరంగా పక్షులు కనిపించాయి. వంద దాకా ఫోటోలు తీశాను. రాత్రి కంప్యూటర్లో చూపిస్తే నాన్నగారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసి, "అద్దాలు మార్పించుకోవాలేమో రా" అన్నారు. తప్పు ఆయన కళ్లజోడుది కాదండీ. ఒక్క ఫోటో కూడా స్పష్టంగా రాలేదు.

ఇంకా ఖరీదైన లెన్సు కొనాలి అనుకున్నాను. మనలో చాలామందికి ముందు తోచేది అదే. అయితే తప్పెక్కడుందో తెలియకుండా దేన్నీ మార్చకూడదన్నది మా సాఫ్ట్‌వేర్ వాళ్ల అలవాటు. ఫోటోలను పెద్దవి చేసి ఒక్కొక్కటే చూశాను. మసక ఒక్కటే రకం కాదని అప్పుడు తెలిసింది.

మొదటిది చేతి వణుకు. నాది మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరా. ఒలింపస్, పానసోనిక్ కంపెనీలు 2008లో ప్రకటించిన పద్ధతి ఇది. దీని సెన్సర్ వెడల్పు 17.3 మిల్లీమీటర్లే, పాత ఫిల్ము ఫ్రేములో సగం కన్నా తక్కువ. అందుకే చేతిసంచిలో పట్టే 300 మిల్లీమీటర్ల లెన్సు, ఫిల్ము కెమెరాకు 600 లెన్సు పెట్టినంత దగ్గరగా చూపిస్తుంది. కానీ పక్షితోపాటు మన వణుకూ పెద్దదవుతుంది. ఫోటోలో ప్రతిదీ ఒకే వైపు సాగినట్లుంటే అది వణుకే. షట్టర్ వేగం సెకనులో 600వ వంతుకు తగ్గనివ్వకండి. కెమెరాలోని స్టెబిలైజేషన్ చేతి వణుకును ఆపుతుంది గానీ పక్షి కదలికను ఆపలేదు. ఎగిరే పక్షికైతే 2000వ వంతు పెట్టండి. వెలుగు చాలకపోతే ఐ.ఎస్.ఓ. పెంచండి. గరుకుదనాన్ని తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిన బొమ్మను బాగుచేయడం కష్టం.

రెండోది ఫోకస్. పక్షి మసకగా, వెనక ఆకులు స్పష్టంగా ఉంటే కెమెరా పొరబడిందన్నమాట. ఫోకస్ పాయింటును చిన్నది చేసి పక్షి కంటి మీద ఉంచండి.

మూడోది మన ఖతార్లో అందరినీ ఏడిపించేది, సెగ. మధ్యాహ్నం తారురోడ్డు మీద నీళ్లు కదిలినట్లు కనిపిస్తుంది చూడండి, అదే. వేడెక్కిన నేల మీది గాలి పొరలు కాంతిని వంచుతాయి. వరుసగా తీసిన ఫోటోల్లో పక్షి కాళ్లు ఒక్కోదాంట్లో ఒక్కో వంకర తిరిగి ఉంటే కారణం సెగే. దీనికి ఏ లెన్సూ, ఏ స్టాండూ మందు కాదు. నా ఫోటోల్లో ఎక్కువ పాడైనవి ఇలాగే. చలికాలమైనా ఎండలో సెగ ఉంటుంది. తెల్లవారుజామునే వెళ్లాలి, దగ్గర్లో ఉన్న పక్షినే తీయాలి. కారులో ఏ.సి. వేసుకుని, అద్దం దించి తీసినా చల్లగాలి, వేడిగాలి కలిసేచోట ఇదే గొడవ.

ఉక్కపోత రోజుల్లో ఇంకొకటి. ఏ.సి. గదిలోంచి బయటికి తేగానే లెన్సుకు తేమ పడుతుంది. అరగంట సంచిలోనే ఉంచి, తర్వాత బయటికి తీయండి.

నాన్నగారి తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు, సూర్యోదయానికల్లా మళ్లీ అక్కడికే వెళ్లాం. కెమెరా అదే, లెన్సు అదే. దూరపు గుంపును వదిలేసి, ఒడ్డుకు దగ్గరగా మేస్తున్న రెండు పక్షులు బెదరకుండా కారు పక్కనే నిలబడి తీశాను. నలభై ఫోటోల్లో ఆరు బాగా వచ్చాయి. ఒకదాంట్లో ముక్కు చివరి నలుపు మీద నీటిచుక్క కూడా కనిపించింది. నాన్నగారు దాన్నే ప్రింటు తీయించుకుని ఊరికి పట్టుకెళ్లారు.

కాబట్టి కొత్త లెన్సుకు రియాళ్లు పోసే ముందు మీ పాత ఫోటోలను ఒకసారి పెద్దవి చేసి చూడండి. ఇక సెలవు.