రాజమండ్రి క్వారీలో డైనోసార్ల కేసు

మనలో చాలామందికి ప్రిన్స్‌టన్ అంటే ఐన్‌స్టైన్, లేకపోతే ఎడిసన్ నుంచి రూట్ వన్ మీద పోతుంటే వచ్చే ఊరు. ఆ యూనివర్సిటీలో పనిచేసిన పురాజీవశాస్త్రవేత్త గెర్టా కెల్లర్, డైనోసార్ల చావుకి సాక్ష్యం వెతుక్కుంటూ మన రాజమండ్రి క్వారీలకి వెళ్ళారంటే నేను మొదట నమ్మలేదు.

డైనోసార్లు పోయింది సుమారు 6.6 కోట్ల ఏళ్ళ క్రితం. 1980లో బర్క్లీ భౌతికశాస్త్రవేత్త లూయీ అల్వారెజ్, ఆయన కొడుకు, జియాలజిస్టు వాల్టర్, ఇద్దరు రసాయనశాస్త్రవేత్తలతో కలిసి ఆ కాలపు మట్టిపొరలో ఇరిడియం లెక్కకట్టి, నేరం గ్రహశకలానిదే అన్నారు. తర్వాత మెక్సికోలో గొయ్యి కూడా బయటపడింది. కేసు తేలిపోయిందనే చాలామంది అనుకున్నారు. కెల్లర్ అనుమానం మాత్రం మన దక్కన్ లావా మీద.

ఆ లావా పడమటి కనుమల వైపు నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి రాజమండ్రి చేరింది. అప్పుడక్కడ సముద్రం! గౌరీపట్నం, దుద్దుకూరు క్వారీల్లో కింద ఒక లావా, పైన ఒక లావా, నడుమ సముద్రం వదిలిన పొర. ఆ పొరలో ఫొరామినిఫెరా అనే ఏకకణజీవుల గుల్లలున్నాయి, మైక్రోస్కోపులో చూడాల్సినంత చిన్నవి. అవి మహావినాశనం అయిన వెంటనే పుట్టుకొచ్చిన జాతులు. అంటే కింది లావా ఆ వినాశనం దగ్గర్లోనే ఆగిందని కెల్లర్ బృందం 2008లో రాసింది. తర్వాత ఓఎన్‌జీసీ బావుల నమూనాలూ చూశారు. (చమురు కంపెనీలు బావిలో ఏ పొర ఏ కాలానిదో తేల్చేది ఈ గుల్లలతోనే. వాళ్ళకిది పురావిద్య కాదు, రోజువారీ పని.)

చిక్కేమిటంటే, గుల్లలు మనకి సీక్వెన్స్ నంబర్ ఇస్తాయి, టైమ్‌స్టాంప్ ఇవ్వవు. దానికి అణుభౌతికశాస్త్రం కావాలి. 2019లో సైన్స్ పత్రికలో రెండు బృందాలు దక్కన్ లావా వయసు ప్రకటించాయి. ప్రిన్స్‌టన్ వాళ్ళు జిర్కాన్ స్ఫటికాల్లో యురేనియం సీసంగా మారడాన్ని కొలిచి, గ్రహశకలం పడకముందే ఒక పెద్ద లావా విడత మొదలైందన్నారు. బర్క్లీ వాళ్ళు ఆర్గాన్‌తో కొలిచి, ముప్పాతిక లావా ఆ తర్వాతే వచ్చిందన్నారు. రెండు సర్వర్ల గడియారాలు కలవక రాత్రంతా లాగ్‌లు చూసినవాళ్ళకి ఈ బాధ నేను చెప్పక్కర్లేదు!

ఇప్పటికీ ఎక్కువమంది ఓటు గ్రహశకలానికే. నాకూ అదే సబబనిపిస్తుంది గానీ, లావాని పూర్తిగా వదిలేయడానికి మనసొప్పదు. ఆ క్వారీల్లో రాయి కొట్టేది కంకర కోసం. ఇంతటి వ్యాజ్యంలో సాక్ష్యం లారీలకెక్కి రోడ్ల కిందకి పోతోంది.