కాలికి ఊతకర్ర

కామారెడ్డి జిల్లాలో పోచారం చెరువు కింద పొలాలున్నాయి. అక్కడి రైతును అడిగి చూడండి: లేత మొక్క ఒక పక్కకు ఒరిగితే ఏం చేస్తారని! పక్కన కర్ర పాతి, మెత్తగా కడతామంటాడు. మొక్కై వంగనిది మానై వంగదని మన పెద్దలు ఊరికే అనలేదు.

1741లో నికొలా ఆండ్రీ అనే ఫ్రెంచి వైద్యుడు పిల్లల ఎముకల గురించి ఒక పుస్తకం రాశాడు. అందులో వంకర చెట్టును నిటారు గుంజకు కట్టినట్టు బొమ్మ వేయించాడు. అదే తరువాత ఎముకల వైద్యులకు గుర్తు అయింది.

పోలియో వచ్చిన పిల్లలకు తొడ కండరాలు బలహీనపడతాయి. అడుగు వేస్తే మోకాలు ముడుచుకుపోతుంది. అందుకని కొందరు తొడను చేత్తో నొక్కి పట్టుకుని నడుస్తారు. వారికి ఇనపకడ్డీలు, తోలుపట్టీలతో కాలిపర్లు చేసేవారు. ఒక్కొక్కటి మూడు కిలోలకు పైగా ఉండేది! అసలే బలంలేని కాలు ఆ బరువును ఎలా మోస్తుంది?

ఆ బరువు తగ్గిన ముచ్చట హైదరాబాదులో జరిగింది. అబ్దుల్ కలాంగారు 1982 నుంచి అక్కడి క్షిపణి ప్రయోగశాలకు అధిపతిగా ఉండేవారు. ఒకనాడు నిమ్స్ ఆసుపత్రి ఎముకల వైద్యుడొకరు అక్కడికి వచ్చి, అగ్ని క్షిపణి కోసం చేసిన పదార్థాన్ని చేతిలోకి తీసుకున్నారు. ఎంత తేలిక! వెంటనే కలాంగారిని ఆసుపత్రికి తీసుకుపోయి, కాళ్ళీడ్చుకుంటున్న పిల్లలను చూపించారు. మూడు వారాలలో కొత్త కాలిపర్లు తయారయాయి. బరువు 300 గ్రాములే! పిల్లలు తమ కళ్ళను తామే నమ్మలేదు. తల్లిదండ్రుల కళ్ళు చెమర్చాయి.

ఇది పనిచేసే తీరు చూడండి. దీనిలో చీలమండ కదలదు. మోకాలి కింద, ముందువైపున ఒక పలక ఉంటుంది. అడుగు మోపినప్పుడు మనం నేలను నొక్కుతాం. నేల కూడా అంతే బలంతో మనను నెడుతుంది. ఆ బలం పలక ద్వారా మోకాలిని వెనక్కు నొక్కి, ముడుచుకోకుండా ఆపుతుంది. చేయి చేసే పనిని నేలే చేసిపెడుతుందన్నమాట!

మన దేశంలో సహజ పోలియో చివరి కేసు 2011 జనవరిలో కనిపించింది. అయినా పుట్టుకతోనే పాదం లోపలికి తిరిగిన బిడ్డలకూ, కండరాలు బిగుసుకుపోయే పిల్లలకూ ఇలాంటి తొడుగులు ఇప్పటికీ అవసరమే. ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించాలి. పిల్లలు పెరిగేకొద్దీ తొడుగును మార్పిస్తూ ఉండాలి.

మీ తరగతిలో కాలికి తొడుగు వేసుకున్న స్నేహితుడున్నాడా? జాలిపడకండి. ఆటకు పిలవండి!