బీపీ నాకనుకున్నా... ఉన్నది నాన్నకు!

ఆఫీసులో హెల్త్ క్యాంప్ పెట్టారు. నర్సు నా చేతికి కఫ్ చుట్టి, మిషన్ చూసి, నావంక అదోలా చూసింది. 152/96. నాకు 27 ఏళ్లే! ఇంటికొచ్చి చెప్పగానే అమ్మ ఆవకాయ జాడీని పైఅరలోకి ఎక్కించేసింది. ‘నాకు 56. ఇప్పటికీ బీపీ నార్మలే. మీ తరమే అంత’ అని నాన్న నవ్వారు.

డాక్టర్ దగ్గరా 148/94 వచ్చింది. మాత్రలు రాస్తారనుకుంటే ఆయన బీపీ మిషన్ కొనమన్నారు. ‘వారంపాటు పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చూసి రాసుకురా’ అన్నారు. దానికీ పద్ధతుంది. అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్ వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి, 5 నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. మాట్లాడకూడదు, ఫోన్ చూడకూడదు!

వారం తర్వాత నా సగటు 122/78. ఆస్పత్రిలో పదేపదే 140/90, ఆపైన వస్తుంటే హైబీపీ అంటారు. ఇంట్లో సగటుకైతే హద్దు 135/85. నాది ఆస్పత్రిలోనే పెరుగుతోంది. దీన్ని ‘వైట్ కోట్ హైపర్‌టెన్షన్’ అంటారట. మాత్రలు అక్కర్లేదు గానీ, ముందు ముందు నిజమైన బీపీగా మారొచ్చు కాబట్టి అప్పుడప్పుడూ చూసుకోవాలి.

‘మిషన్ ఎలాగూ ఉందిగా, మీరూ ఓసారి చూసుకోండి నాన్నా’ అన్నాను. 154/96. ‘ఇది పాడైపోయింది’ అన్నారాయన. వారం చూశాం. సగటు 148/92. అదే నాన్నకు క్లినిక్‌లో 128/82! 24 గంటలు ఒంటికి మిషన్ కట్టి చూసినా ఎక్కువే వచ్చింది. ఇది ‘మాస్క్‌డ్ హైపర్‌టెన్షన్’... ముసుగు వేసుకున్న బీపీ. డాక్టర్ ముందు మంచిగా కనిపిస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఈలోగా లోపల గుండె, మెదడు, కిడ్నీల మీద దెబ్బ పడుతూనే ఉంటుంది. ఎకో తీస్తే నాన్న గుండె కండరం అప్పటికే కొంచెం మందమైందని తేలింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు.

బీపీ అంటే ఒకటే అనుకునేదాన్ని. ఎక్కువమందికి వచ్చేది ప్రైమరీ రకం. ఫలానా కారణమని ఒక్కటి చెప్పలేం. వయసు, వంశం, ఉప్పు, బరువు అన్నీ కలిసి తెచ్చేది. కొద్దిమందిది సెకండరీ. కిడ్నీ జబ్బు, అడ్రినల్ గ్రంథి సమస్య, నిద్రలో ఊపిరి ఆగే గురక లాంటివి అసలు కారణం. నొప్పి మాత్రలు, స్టెరాయిడ్లు, గర్భనిరోధక మాత్రలతోనూ పెరగొచ్చు. అందుకే 30 లోపే హైబీపీ ఖాయమైతే డాక్టర్లు కారణం కోసం వెతుకుతారు. పెద్దవాళ్లలో ఒక్కోసారి పై నంబరే పెరుగుతుంది. అదీ బీపీయే. గర్భం 20 వారాలు దాటాక వచ్చేదాన్ని అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు. 180/120 దాటి, ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం ఉంటే వెంటనే ఆస్పత్రికే.

ఇప్పుడు నాన్న రోజూ మాత్ర వేసుకుంటున్నారు. ఇంట్లో చూస్తే 130 లోపే ఉంటోంది. ఉప్పు, పచ్చడిలోదీ కలిపి, రోజుకు 5 గ్రాములు దాటనివ్వం. అంటే ఒక టీస్పూను. ఆవకాయ జాడీ ఇంకా పైఅరలోనే ఉంది. నాకు కాదు, నాన్నకు అందకుండా!

ఈ ఆదివారం మీ ఇంట్లో ‘నాకేం లేదు’ అనే మనిషి చేతికే ముందు కఫ్ చుట్టండి.