పాత ట్రాక్టరు రేడియేటరును కడుగు విధము

స్నానమునకు నీళ్లు కాచు కాగు అడుగున తెల్లని పెచ్చు కట్టుట రైతు సోదరులందరు ఎరిగినదే. పెచ్చు దళసరి అయినకొలది కట్టెలు ఎక్కువ కాలును, నీళ్లు ఆలస్యముగా కాగును. నీటితో చల్లబడు ట్రాక్టరు ఇంజను లోపల కూడ ఇదే పెచ్చు కట్టును. కాగులో వేడిని లోపలికి రానీయని పెచ్చు, ఇంజనులో వేడిని వెలుపలికి పోనీయదు. పాత ట్రాక్టర్లు దమ్ములో ఆవిరి కక్కి ఆగిపోవుటకు పెక్కుసార్లు ఇదే కారణము.

పెచ్చు ఎట్లు కట్టును?

ఇంజనులో కాలిన డీజిలు వేడిలో నాలుగవ వంతు నుండి మూడవ వంతు వరకు నీటి ద్వారానే బయటికి పోవలెను. బోరునీటిలో కరిగియున్న సున్నపు లవణములు వేడికి విడివడి సిలిండర్ల చుట్టును, రేడియేటరు గొట్టములలోను అంటుకొనును. పోత ఇనుముకంటె ఈ పెచ్చు ఎన్నోరెట్లు తక్కువగా వేడిని ప్రసరింపజేయును.

తగ్గిన నీటిని ప్రతిదినము బోరునీటితో నింపుటలోనే అసలు నష్టమున్నది. ఆవిరైనది నీరు మాత్రమే; లవణము లోపలనే నిలుచును. లీటరుకు 500 మిల్లీగ్రాముల కాఠిన్యముగల నీటిని దినమునకు ఒక లీటరు చొప్పున 200 దినములు పోసినచో, 100 గ్రాముల వరకు సున్నపు పదార్థము ఇంజనులో చేరును. త్రాగునీటికి భారత ప్రమాణముల సంస్థ వేరు ఆధారము లేనప్పుడు 600 మిల్లీగ్రాముల వరకు అనుమతించుచున్నది. కావున త్రాగుటకు పనికివచ్చు నీరెల్ల ఇంజనుకు పనికివచ్చునని తలపరాదు.

కడుగు విధము

1. ఇంజను చల్లారిన పిమ్మటనే రేడియేటరు మూత తీయవలెను. మూత బిగువువలన లోపలి నీరు 100 డిగ్రీలు దాటియు మరగక నిలిచియుండును. వేడిలో మూత తీసినచో ఒక్కసారిగా పైకి చిమ్మి ముఖము, చేతులు కాలును.

2. రేడియేటరు అడుగు కుళాయితోపాటు సిలిండరు బ్లాకు ప్రక్కనున్న కుళాయినికూడ విప్పి నీరు తీయవలెను. రెండవదానిని పలువురు మరతురు. మడ్డి ఎక్కువగా నిలుచునది అచ్చటనే. రంధ్రము పూడినచో సన్నని తీగతో పొడువవలెను.

3. లీటరు నీటికి 50 గ్రాముల బట్టల సోడా కరగించి, వడపోసి, నింపవలెను. తేలికపనిలో 8 మొదలు 10 గంటలు నడిపి, గోరువెచ్చగా ఉండగనే వదలివేయవలెను. పూర్తిగా చల్లారనిచ్చినచో విడివడిన మడ్డి మరల అడుగున పేరుకొనును. ఈ పద్ధతి ఇత్తడి, రాగి రేడియేటర్లకే తగును. అల్యూమినియమును సోడా తినివేయును గనుక, ఆ లోహపు భాగములున్నచో తయారీదారులు సూచించిన మందునే వాడవలెను. కాస్టిక్ సోడాను ఎన్నడును వాడరాదు.

4. ఇంజను బాగుగా చల్లారిన పిమ్మట థర్మోస్టాటును తీసి, పై, క్రింది రబ్బరు గొట్టములు విప్పవలెను. రేడియేటరు క్రింది మూతినుండి నీటిని మెల్లగా ఎక్కించి, పైమూతినుండి వచ్చు నీరు తేటపడువరకు వదలవలెను. నీరు మామూలుగా పారు దిశకు ఎదురుగా పోవుటచే ఇరుకున చిక్కిన పెచ్చులు వెలువడును. బ్లాకును కూడ ఇట్లే కడుగవలెను.

5. నూర్పిళ్లలో రేడియేటరు రేకుల మధ్య చిక్కిన పొట్టును, దుమ్మును ఫ్యాను వైపునుండి ముందుకు నీరు చిమ్మి తొలగించవలెను. ఒత్తిడి హెచ్చినచో రేకులు వంగును.

థర్మోస్టాటును తీసిపారవేయవచ్చునా?

ఇంజను వేడెక్కుచున్నదని దీనిని శాశ్వతముగా తొలగించుట కొందరికి అలవాటు. ఇది తప్పు. చల్లగా నడచు ఇంజనుకు డీజిలు ఎక్కువ పట్టును, సిలిండర్లు త్వరగా అరుగును. థర్మోస్టాటును దారముతో గిన్నెలోని నీటిలో వ్రేలాడదీసి కాచిచూడుడు. దానిపై గుర్తించిన వేడికి తెరచుకొననిచో మార్చవలెను. మెత్తబడిన గొట్టములను, వదులైన ఫ్యాను బెల్టును అప్పుడే సరిచేయవలెను.

మరల ఏ నీరు పోయవలెను?

శుభ్రముగా పట్టిన వాననీరు గాని, బ్యాటరీకి పోయు నీరు గాని మేలు. దానిలో తయారీదారులు చెప్పిన పాళ్లలో కూలెంటు కలుపవలెను. మన ప్రాంతమున నీరు గడ్డకట్టదు గదా యని దీనిని మానరాదు. ఇది తుప్పును ఆపును, నీరు మరగు వేడిని పెంచును. అయితే ఇది తియ్యని విషము. తీసిన పాత కూలెంటును పశువులు, కుక్కలు నాకు చోట పారబోయక మూతగల డబ్బాలో ఉంచవలెను. క్రొత్తది నింపిన పిమ్మట ఇంజనును కొంతసేపు నెమ్మదిగా నడిపి, గాలి వెడలి మట్టము తగ్గినచో చల్లారనిచ్చి మరల నింపవలెను.

పొలములో ఇంజను ఆవిరి కక్కినప్పుడు తొందరపడి చల్లని నీరు పోయరాదు. కాగిన పోత ఇనుము పగులును. హెడ్డు పగిలినచో ఖర్చుతోపాటు అదనుకూడ పోవును. కడిగినను వేడి తగ్గక, నీటిలో నూనెతెట్టు కనిపించినచో గ్యాస్కెట్టు చెడియుండవచ్చును; అది మెకానిక్కు చూడవలసిన పని. పెచ్చు మిక్కిలి దళసరియైనచో సోడాతో వదలదు. యాసిడ్డుతో తీయు పనిని ఇంటివద్ద చేయక వర్కుషాపులో చేయించవలెను.

ఏటేట తొలకరికి ముందు, పనులు లేని రెండుదినములు ఇందుకు కేటాయించినచో, దమ్ముకాలమున ట్రాక్టరు మడిలో నిలిచిపోవు బాధ చాలవరకు తప్పును.