బీడీకి ఎన్ని స్పెల్లింగులు?

బిడ్డా, నర్సింగ్ ప్రాజెక్టుకు టాపిక్ దొరకలేదని దిగులెందుకు? మన ఎల్లారెడ్డి, కామారెడ్డి దిక్కు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే అక్కలు ఎంతమంది లేరు! తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టేదాకా వంచిన మెడ ఎత్తరు. వాళ్ల నడుం నొప్పి మీద ఇంతకుముందు ఎవరేం రాశారో వెతుకు. మీ మేడమ్ అడిగే ‘రివ్యూ ఆఫ్ లిటరేచర్’ అదే.

వెతకడానికి పబ్‌మెడ్ ఉంది. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1996లో మొదలుపెట్టింది. మూడున్నర కోట్లకు పైగా వ్యాసాల వివరాలు ఉంటాయి, పైసా కట్టక్కర్లేదు. నర్సింగ్‌కే ప్రత్యేకంగా సినాల్ అని ఇంకొకటుంది, దానికి కాలేజీ చందా కట్టాలి. లాస్ ఏంజెలెస్ ఆసుపత్రి గ్రంథాలయంలో ఎల్లా క్రాండల్ అనే ఆమె నర్సుల కోసం కార్డుల మీద రాసుకున్న సూచిక అది. 1961లో పుస్తకమై వచ్చింది.

ఇక అసలు తిప్పలు. బీడీని ఇంగ్లిషులో ఒకరు రెండు ‘ఐ’లతో రాస్తారు, ఒకరు రెండు ‘ఈ’లు పెడతారు, ఇంకొకరు ‘డి’ బదులు ‘ఆర్’ వేసి ‘బిరి’ అంటారు. ఒక్క స్పెల్లింగే కొడితే మిగతా వ్యాసాలు నీకు లేనట్టే. అందుకని అన్నీ రాసి నడుమ ‘ఆర్’ (OR, అంటే ‘లేదా’) పెట్టు. నడుం నొప్పికీ అంతే: బ్యాక్ పెయిన్, బ్యాకేక్, డాక్టర్లు రాసే మస్కులోస్కెలెటల్. ఈ రెండు గుంపులకూ వేర్వేరు బ్రాకెట్లు పెట్టి, మధ్యలో ‘ఆండ్’ వెయ్యి. బ్రాకెట్లు మరిచావా, పబ్‌మెడ్ ఎడమ నుంచి కుడికి వరసగా చదువుకుంటూ పోతుంది. ‘నడుం నొప్పి ఆండ్ బిడి ఆర్ బీడీ’ అంటే, నొప్పి ఊసే లేని బీడీ వ్యాసాలన్నీ వచ్చి పడతాయి.

ఈ ఆండ్, ఆర్ లెక్క జార్జ్ బూల్‌ది, 1854 నాటి పుస్తకంలోది. ఆయన భార్య మేరీ, మన దేశం కొలిచిన సర్వేయర్ ఎవరెస్టుకు తమ్ముడి బిడ్డ. వానలో తడిసి జబ్బుపడ్డ మొగుణ్ణి ఆమె తడిగుడ్డల్లో చుట్టిందని చెబుతారు. అప్పుడు పక్కన ఓ మంచి నర్సుంటే బాగుండేది!

బీడీ అనగానే పొగతాగడం మీద వ్యాసాలు కుప్పలుగా వస్తాయి. చిరాకేసి ‘నాట్ స్మోకింగ్’ అనేవు, జాగ్రత్త! చుట్టే ఆడవాళ్లకు పొగ అలవాటు లేదని రాసిన వ్యాసం కూడా ఆ ఒక్క మాటకే ఎగిరిపోతుంది. దానికి బదులు వర్కర్, రోలర్, రోలింగ్ అనే మాటల్ని ‘ఆర్‌’తో కూర్చి మూడో గుంపుగా చేర్చు.

ఒకే విషయానికి పది పేర్లుంటే అన్నిటినీ ఒక్క పేరు కిందికి తెచ్చే పద్ధతి మెష్. 1960 నుంచి ఉంది. మంచిదే, కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోకు. మన దేశపు పత్రికల్లో కొన్ని, పూర్తి వ్యాసాలు దాచే పీఎంసీ దారిన పబ్‌మెడ్‌లోకి వచ్చినవి, వాటికి మెష్ పేర్లు తగిలించరు.

ఊరి పేరు కూడా చూసి రాయి. 2016 అక్టోబర్ 11 దాకా కామారెడ్డి జిల్లానే లేదు. పాత వ్యాసాల్లో మన ఊళ్లు నిజామాబాద్ కింద, 2014కు ముందైతే ఆంధ్రప్రదేశ్ కింద ఉంటాయి. ఆ పేర్లన్నీ ‘ఆర్‌’తో కలుపు. చివరికి ఏ వాక్యంతో వెతికావో, ఎన్ని వచ్చాయో, ఏ తారీఖునో నోట్‌బుక్కులో రాసిపెట్టుకో. వైవాలో మొదట అడిగేది అదే.